థైరాయిడు మాంద్యము: ఒడలి బాధకును రక్తపరీక్షకును లెక్క కుదరనప్పుడు

సంఘముయొక్క లెక్కలను తనిఖీ చేయు దినమున చిట్టా యొక మాటయు, ఇనుపపెట్టెలోని రొక్కము మఱియొక మాటయు చెప్పుట మన సభ్యులలో ననేకులు చూచియే యుందురు. అట్టి సమయమున తెలివిగల కార్యదర్శి చిట్టాను చింపివేయడు; పెట్టెపై నేరము మోపడు. ఏ తేదీనుండి తేడా వచ్చినదో, ఏ రసీదు వ్రాయబడలేదో, ఏ పద్దు రెండు మాఱులు ఎక్కినదో వరుసగా వెదకును. వెదకినచో తేడా యెక్కడనో యొకచోట బయటపడును.

మన శరీరము విషయమునను అట్టి తేడా యొకటి యిప్పుడు పల్లెలలో తఱచుగ వినవచ్చుచున్నది. "తెల్లవాఱి లేవగనే నీరసము, చలి కోర్వలేను, మలబద్ధము, కాళ్లు లాగును. రక్తపరీక్షలో మాత్రము అంతయు సరిగానే యున్నదని వ్రాసిరి" అని యొకరు. "నాకే బాధయు లేదు, పొలమునకు పోయి వచ్చుచునే యున్నాను. కాగితముమీద మాత్రము థైరాయిడు తప్పియున్నదట" అని మఱియొకరు. మొదటివారు విసిగి మందు మానివేయుదురు, లేదా ఒకరి మాట విని రెట్టింపు మ్రింగుదురు. రెండవవారు భయపడి, చేబదులు తెచ్చి పట్టణములు తిరుగుదురు. ఈ రెండు మార్గములును నష్టకరములే. గావున ఈ తేడా యేల వచ్చునో, దాని నెట్లు వెదకవలయునో మన సభ్యులకు తెలుపుట యుచితమని తలంచి యీ వ్యాసమును వ్రాయుచున్నాము.

మేము వైద్యులము గాము. వైద్యశాస్త్రమున స్థిరపడిన విషయములను రైతుకుటుంబములకు తేటపఱచుటయే మా పని. దీనిని చదివి యెవరును మందు మోతాదును స్వయముగ మార్చుకొనరాదని ముందుగనే మనవి చేయుచున్నాము.

ఈ వ్యాధి అరుదైనది గాదు. 2013లో ప్రకటింపబడిన యొక పరిశోధనయందు, హైదరాబాదుతో కూడ 8 నగరములలో 5,376 మంది పెద్దలను పరీక్షింపగా, సుమారు పదిమందిలో నొకరికి థైరాయిడు మాంద్యము కన్పట్టెను. పురుషులకంటె స్త్రీలలో నిది యధికము.

గ్రంథి చేయు పని

థైరాయిడు, లేక అవటు గ్రంథి, కంఠమునకు ముందువైపున సీతాకోకచిలుక ఱెక్కలు విప్పిన రూపమున నుండును. దాని బరువు సుమారు 20 గ్రాములు. మనము తిను ఆహారమునుండి అయోడినును గ్రహించి యది థైరాక్సిన్ అను రసమును తయారుచేయును. దీనియందు నాలుగు అయోడిను పరమాణువులుండుటచే దీనికి టి4 అని పేరు. శరీరములోని యవయవములు అందులో నొక పరమాణువును తీసివైచి టి3గా మార్చుకొని వాడుకొనును. ఒంటి వెచ్చదనము, గుండె వేగము, జీర్ణశక్తి, స్త్రీల ఋతుక్రమము, బుద్ధి చుఱుకుదనము, వీనియన్నింటికి నిది యవసరము.

ఈ గ్రంథి తనంత తాను పని చేయదు. మెదడు అడుగున బఠాణీగింజంత పీయూష గ్రంథి యొకటి కలదు. అది రక్తములోని థైరాక్సిన్‌ను కనిపెట్టుచు, తక్కువైనచో టి.ఎస్.హెచ్. అను రసమును అధికముగ విడిచి థైరాయిడును పని చేయుమని హెచ్చరించును. ఎక్కువైనచో ఆ హెచ్చరికను తగ్గించును.

చెఱువు క్రింద మాగాణి గల రైతులకు దీనిని బోధించుట సులభము. తూము దగ్గఱ నీరుగంటి యుండును. కాలువలో నీరు తగ్గినచో పొలము గట్టుమీద నున్న రైతు "తూము విప్పుము" అని కేక వేయును. నీరు చాలనికొలది కేక పెద్దదగును. నీరు నిండినచో కేక యాగును. టి.ఎస్.హెచ్. ఆ కేక, టి4 కాలువలోని నీరు, థైరాయిడు నీరుగంటి, పీయూష గ్రంథి గట్టుమీది రైతు. కేక పెద్దదై నీరు తక్కువగ నున్నచో నది స్పష్టమైన మాంద్యము. కేక పెద్దదై నీరింకను సరిపడ నున్నచో నీరుగంటి కష్టముమీద నెట్టుకొని వచ్చుచున్నాడని యర్థము. దీనిని ప్రచ్ఛన్న మాంద్యమందురు.

పెద్దవారిలో టి.ఎస్.హెచ్. సామాన్యముగ 0.4 మొదలు 4 లేక 4.5 వఱకు నుండును. ఈ హద్దులు పరీక్షశాలనుబట్టి కొంచెము మాఱును గాన, కాగితముపై ప్రక్కన అచ్చువేసిన హద్దులను చూడవలెను.

లక్షణములు ఏల మోసగించును?

నీరసము, చలికోర్వలేమి, చర్మము ఎండుట, జుట్టు రాలుట, మలబద్ధము, ముఖము ఉబ్బుట, గొంతు బొంగురుపోవుట, నాడి మందగించుట, మఱపు, బహిష్టు అధికమగుట, ఇవి మాంద్యలక్షణములు. కాని వీనిలో నేదియు థైరాయిడునకే ప్రత్యేకమైనది కాదు. వరి తెల్లబారినచో కాండముతొలుచు పురుగు గావచ్చును, నీటియెద్దడి గావచ్చును, తెగులు గావచ్చును. ఆకు రంగొక్కటే చూచి మందు చల్లువాడు డబ్బు పోగొట్టుకొనును.

మన పల్లెలలో నీరసమునకు మొదట తలంపవలసినది రక్తహీనత. 2019 మొదలు 2021 వఱకు జరిగిన జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేయందు, మన దేశమున 15 మొదలు 49 సంవత్సరముల వయస్సుగల స్త్రీలలో నూటికి 57 మంది రక్తహీనులని తేలెను. ఇది గాక మధుమేహము, బి12 విటమిను లోపము, డి విటమిను లోపము, మూత్రపిండముల జబ్బు, నిద్రలో గుఱకతో ఊపిరి యాగుట, ముట్లుడుగు వయస్సు, మనోవ్యాకులత, ఇవన్నియు ఇదే రూపమున కన్పట్టును. పంట పోయి యప్పు మీదపడిన యింట నిద్ర లేమియు, నీరసమును, ఆకలి మందగించుటయు సంభవించుట వింత గాదు. దానిని థైరాయిడని యనుకొని మాత్రలు మ్రింగినచో అసలు బాధ యట్లే యుండిపోవును. మనోవ్యాకులతను వైద్యునితో చెప్పుకొనుట సిగ్గుపడవలసిన సంగతి గాదు.

బరువు విషయమున నొక మాట. మాంద్యమువలన పెరుగు బరువు సామాన్యముగ 2 మొదలు 5 కిలోలు మాత్రమే. అందులో ననేకభాగము ఉప్పు, నీరు ఒంట నిలుచుటవలన కలుగునది. 20 కిలోలు పెరిగినవారు తప్పంతయు థైరాయిడుదే యని తలంచి మోతాదు పెంచుమని కోరుట సరి గాదు.

పరీక్ష ఏల మోసగించును?

లక్షణములవలెనే పరీక్షయు కొన్ని సమయములందు దారి తప్పించును. దానికి ముఖ్యకారణములు ఈ క్రిందివి.

మొదటిది తొందర. థైరాక్సిన్ రక్తమునుండి సగము తగ్గుటకు సుమారు 7 దినములు పట్టును. మోతాదు మార్చిన తరువాత క్రొత్త మట్టము నిలుకడ చెందుటకును, దాని ననుసరించి టి.ఎస్.హెచ్. సర్దుకొనుటకును 6 మొదలు 8 వారములు కావలెను. పదిదినములకే పరీక్ష చేయించినచో వచ్చు సంఖ్య పాత మోతాదునకు చెందినదా, క్రొత్త మోతాదునకు చెందినదా తెలియదు. నాటు వేసిన వారమునకే పిలకలు లెక్కించుట వంటి దిది.

రెండవది, మందు వాడుకలోని లోపము. మాత్ర మానివైచిన మఱునాడే బాధ కలుగదు; పాత నిల్వ కొన్ని దినములు నడిపించును. అందుచే నాట్ల దినములలోను, కోతల దినములలోను మఱచిపోవుట సులభము. తీరా పరీక్ష దగ్గఱపడగనే వారముదినములు శ్రద్ధగ మ్రింగుదురు. అప్పుడు టి4 సరిగ నుండియు, టి.ఎస్.హెచ్. మాత్రము ఎక్కువగ నుండును. కాలువకు నీరు నిన్ననే వచ్చినది, కేక యింకను ఆగలేదు. వైద్యునకు ఈ సంగతి దాచినచో నతడు మోతాదు పెంచును.

మూడవది, మాత్రను ఏ పదార్థముతో మ్రింగితిమను సంగతి. కాఫీ, టీ, పాలు, ఫలహారము, ఇనుప మాత్రలు, సున్నపు ధాతువగు కాల్షియము మాత్రలు, కడుపుమంటకు వాడు మందులు, సోయాపదార్థములు, ఇవి థైరాక్సిన్ ప్రేగులనుండి రక్తములోనికి చేరుటను తగ్గించును. ఒక రైతు ఇల్లాలి సంగతి తీసికొందము. ఆమె 50 మైక్రోగ్రాముల మాత్రను ప్రొద్దుట కాఫీతోడనే మ్రింగి, వెంటనే రక్తహీనతకిచ్చిన ఇనుప మాత్రను మ్రింగుచుండెను. పరీక్షలో టి.ఎస్.హెచ్. దిగలేదు. మాత్ర 75కును, పిదప 100కును పెరిగినది. కొంతకాలమునకు ఇనుప మాత్రలు అయిపోయినవి; కాఫీకూడ మానినది. ఇప్పుడు 100 మైక్రోగ్రాములును పూర్తిగ ఒంటబట్టి గుండెదడ, చేతుల వణుకు, నిద్రలేమి ఆరంభమైనవి. తప్పు మాత్రది గాదు, గ్రంథిది గాదు, మ్రింగిన వేళది. మొదటనే యా ప్రశ్న యడిగియున్నచో ఇంత త్రిప్పట యుండెడిది కాదు.

నాల్గవది బయోటిన్. జుట్టు పెరుగుటకును, గోళ్లు గట్టిపడుటకును దుకాణములలో నమ్ము మాత్రలలో నీ విటమిను అధిక మోతాదున నుండును. ఇది శరీరమునకు కీడు చేయకున్నను, కొన్ని పరీక్షాయంత్రములను తికమకపెట్టి, టి.ఎస్.హెచ్.ను లేని తక్కువగను, టి4ను లేని ఎక్కువగను చూపించును. మాంద్యమువలన జుట్టు రాలువారే ఈ మాత్రలు కొనుట యిందలి విచిత్రము. పరీక్షకు కనీసము రెండు దినములు ముందుగ వీనిని మానవలెను; మోతాదు మిక్కిలి యధికమైనచో ఎన్ని దినములు మానవలయునో వైద్యుని యడుగవలెను.

అయిదవది, ఇతర వ్యాధి. తీవ్రమైన జ్వరముతోనో, ఆపరేషనుతోనో ఆసుపత్రిలో నున్నప్పుడు గ్రంథి ఆరోగ్యముగనే యున్నను సంఖ్యలు అస్తవ్యస్తమగును. ప్రాణాపాయ సందేహము లేనియెడల కోలుకొనిన కొన్ని వారములకు మరల పరీక్షింపవలెను.

ఆఱవది, వేళయు, వయస్సును. టి.ఎస్.హెచ్. రాత్రివేళ ఎక్కువగను, మధ్యాహ్నము తక్కువగను ఉండును. ఒకమాఱు ప్రాతఃకాలమునను, మఱియొకమాఱు మధ్యాహ్నమునను రక్తమిచ్చి రెంటిని పోల్చుట సరి గాదు. వార్ధక్యమున టి.ఎస్.హెచ్. సహజముగనే కొంత పెరుగును.

కేక వేయు రైతే మూగయైనప్పుడు

ఇప్పుడు చెప్పబోవు సంగతి అరుదైనదే యైనను, ప్రాణముతో కూడినది గాన రైతు సోదరులు శ్రద్ధతో చదువగోరెదము.

గట్టుమీది రైతుకు గొంతు పోయినదనుకొందము. కాలువ యెండిపోయినను కేక వినబడదు. అట్లే పీయూష గ్రంథి చెడినచో, టి4 తగ్గినను టి.ఎస్.హెచ్. పెరుగదు, తక్కువగనో, పైకి సరిగ నున్నట్లో కన్పట్టును. ఖర్చు తగ్గించుకొనుటకై టి.ఎస్.హెచ్. ఒక్కటే పరీక్షించినవారికి "అంతయు సరిగ నున్నది" అను జవాబు వచ్చును. రోగి మాత్రము దినదినము క్రుంగిపోవుచుండును.

పల్లెలలో దీనికి రెండు కారణములు ముఖ్యముగ తెలిసికొనదగినవి. ప్రసవసమయమున రక్తస్రావము మితిమీఱినచో పీయూష గ్రంథికి రక్తము చాలక యది చచ్చుబడవచ్చును. అట్టి తల్లికి పాలు పడవు. బహిష్టు మరల రాదు. నీరసము సంవత్సరములకొలది వదలదు. రెండవది రక్తపింజర కాటు. వరిపొలములలో తిరుగు ఈ పాము కఱచి, మూత్రపిండములు దెబ్బతిని, చావు తప్పి బయటపడినవారిలో కొందఱకు పీయూష గ్రంథి చెడుట మయన్మారు దేశమునందును, మన దక్షిణభారతమునందును వైద్యులు గుర్తించి ప్రకటించిరి. బాధ వెంటనే బయటపడవచ్చును, లేదా నెలలకో, సంవత్సరములకో బయటపడవచ్చును. అప్పటికి పాముకాటు సంగతి యందఱును మఱచియుందురు.

కావున ఒకప్పుడు రక్తపింజర కఱచి బ్రతికినవారును, కాన్పులో నధికముగ రక్తము పోయినవారును విడువని నీరసముతో బాధపడుచున్నచో, ఆ సంగతిని వైద్యునకు తామై చెప్పవలెను, టి.ఎస్.హెచ్.తోపాటు స్వేచ్ఛా టి4 అను పరీక్షనుకూడ చేయింపవలెనా యని యడుగవలెను. ఇట్టివారికి మఱియొక యపాయము గలదు. పీయూష గ్రంథి చెడినచో మూత్రపిండములపైనుండు గ్రంథులు చేయు కార్టిసాల్ అను ప్రాణాధారరసమును తగ్గిపోవచ్చును. దానిని ముందు సరిచేయక థైరాక్సిన్ మాత్రమిచ్చినచో రోగి ఒక్కసారిగ పడిపోవచ్చును. అందుచే ఊహమీద థైరాయిడు మాత్ర కొని వాడుట యెంతమాత్రము తగదు. ఇట్టివారి మోతాదును టి.ఎస్.హెచ్. చూచి నిర్ణయింపరు, టి4ను చూచి నిర్ణయింతురు.

పరీక్ష తప్పి, బాధ లేనప్పుడు

టి.ఎస్.హెచ్. కొంచెము హెచ్చి టి4 సరిగ నున్నవారు తొందరపడవలసిన పని లేదు. రెండు మూడు నెలలకు మరల పరీక్షించినచో ననేకులకు నది తనంత తాను హద్దులోనికి వచ్చును. 10 దాటినచో వైద్యులు సామాన్యముగ చికిత్స నాలోచింతురు. 10కి లోపలనున్నచో వయస్సు, లక్షణములు, గుండెస్థితి, థైరాయిడును దెబ్బతీయు ప్రతిరక్షకములు రక్తములో నున్నవా లేవా యనునవి చూచి నిర్ణయింతురు. 1912లో జపాను వైద్యుడు హకారు హషిమోటో వర్ణించిన వ్యాధియందు శరీరరక్షకబలమే గ్రంథిమీద తిరుగబడును. అట్టి ప్రతిరక్షకములు గలవారిలో మాంద్యము ముదురుట కవకాశ మధికము.

వృద్ధుల విషయమున 2017లో ప్రకటింపబడిన ఐరోపా పరిశోధన యొకటి స్మరింపదగినది. ప్రచ్ఛన్న మాంద్యముగల 65 సంవత్సరములు దాటిన 737 మందిలో సగముమందికి థైరాక్సిన్‌ను, తక్కినవారికి మందులేని మాత్రలను ఇచ్చి చూచిరి. సంవత్సరమునకు పిమ్మట నీరసమునందు గాని, ఇతర లక్షణములందు గాని రెండు పక్షములకు తేడా కన్పట్టలేదు. కాగితముమీది సంఖ్య దిగినది గాని మనుష్యుని సౌఖ్యము పెరుగలేదు.

గర్భిణుల విషయము మాత్రము దీనికి పూర్తిగ భిన్నము. గర్భస్థశిశువు మొదటి నెలలలో తల్లి థైరాక్సిన్‌మీదనే యాధారపడియుండును. శిశువు మెదడు పెంపునకు నిది యావశ్యకము. ముందునుండి మాత్ర వాడు స్త్రీకి గర్భము నిలిచినట్లు తెలియగనే, బాధ లేకున్నను వైద్యునివద్దకు పోవలెను. తఱచుగ మోతాదును నాలుగవవంతు, అంతకు మించియు పెంచవలసివచ్చును. మొదటి సగకాలమున సుమారు నాలుగు వారముల కొకమాఱు పరీక్ష యుండవలెను. కాన్పునకు పిమ్మట మోతాదు మరల తగ్గును. గర్భిణుల కిచ్చు ఇనుప, కాల్షియము మాత్రలను మానరాదు. థైరాయిడు మాత్రకును వానికిని నాలుగు గంటల యెడము పాటింపవలెను.

పరీక్ష కుదిరి, బాధ పోనప్పుడు

మందు సరిగ వాడుచు, టి.ఎస్.హెచ్. హద్దులో నున్నను, నూటికి 5 మొదలు 10 మంది తమకు పూర్వపు సత్తువ రాలేదని చెప్పుదురు. వీరి మాట కట్టుకథ యని త్రోసివేయరాదు. మొదట పైన జెప్పిన రక్తహీనత మొదలగువానిని వెదకవలెను. పిదప టి.ఎస్.హెచ్. హద్దులో నెక్కడనున్నదో చూచి, పై అంచున నున్నచో వైద్యుడు స్వల్పముగ మోతాదు సవరించి చూడవచ్చును.

ఈ సందర్భమున కొంత చరిత్ర తెలిసికొనుట మంచిది. 1891లో ఇంగ్లండున జార్జి మరే యను వైద్యుడు గొఱ్ఱె థైరాయిడు రసమును సూదిద్వారా ఎక్కించి మాంద్యరోగి నొకతెను బాగుచేసెను. 1914లో అమెరికాలో ఎడ్వర్డు కెండల్ థైరాక్సిన్‌ను వేఱుచేసెను. 1927లో హారింగ్టన్, బార్జర్ అనువారు దానిని ప్రయోగశాలలో తయారుచేసిరి. చిరకాలము వైద్యులు రోగి చెప్పు సుఖదుఃఖములనుబట్టియే మోతాదు నిర్ణయించిరి. టి.ఎస్.హెచ్. పరీక్ష వాడుకలోనికి వచ్చిన తరువాత, అనేకులు అవసరమునకు మించి వాడుచుండిరని తెలిసి మోతాదులు తగ్గింపబడెను. కావున పరీక్ష రోగికి శత్రువు గాదు. హద్దు మీఱకుండ కాపాడు గట్టు.

ఆ హద్దు మీఱినచో కలుగు నష్టము చిన్నది గాదు. మోతాదు ఎక్కువై టి.ఎస్.హెచ్. అణగిపోయినచో గుండె క్రమము తప్పి కొట్టుకొనుట, దానివలన పక్షవాతపు టపాయము, ముట్లుడిగిన స్త్రీలకు ఎముకలు బోలగుట సంభవించును. మొదటి దినములలో చుఱుకుగ నున్నదని సంతోషించి యెక్కువ మ్రింగినవారు తుంటియెముక విఱిగినప్పుడు పశ్చాత్తాపపడుదురు. యూరియా అధికముగ చల్లిన పైరు పచ్చగ నుండి, తీరా వెన్ను వేయునాటికి పడిపోవుట మనకు తెలియనిది గాదు.

టి4తోపాటు టి3నుకూడ మాత్రగ నిచ్చినచో మేలగునేమో యని వైద్యులు పరీక్షించిరి. 1999లో 33 మందిపై జరిగిన చిన్న పరిశోధన కొంత యాశ చూపినది. తరువాత జరిగిన పెక్కు పరిశోధనలలో మొత్తముమీద ఆ మేలు కన్పట్టలేదు. అందుచే నిది సామాన్యచికిత్స కాలేదు. ఇతర కారణములన్నియు వెదకిన పిమ్మట కొందఱియందు నిపుణులు కొంతకాలము ప్రయత్నించి చూచుట గలదు. గర్భిణులకును, గుండెజబ్బుగలవారికిని నది తగదు.

ఉప్పు సంగతి

అయోడిను లోపమున గళగండము కలుగును. ఈ విషయమున మన శ్రీకాకుళమున 1921లో జన్మించి, విశాఖపట్టణమున ఆంధ్ర వైద్యకళాశాలయందు చదివిన డాక్టరు వులిమిరి రామలింగస్వామిగారి సేవ మఱువరానిది. వారును, వారి సహచరులును 1956లో కాంగ్రాలోయయం దారంభించిన పరిశోధన, ఉప్పులో అయోడిను చేర్చినచో గళగండము తగ్గునని రుజువుచేసెను. దాని ఫలముగనే 1962లో జాతీయ గళగండ నివారణ కార్యక్రమము వెలసెను.

ఇంటిలో అయోడిను చేర్చిన ఉప్పునే వాడి, దానిని మూతగల పాత్రలో, ఎండయు తేమయు తగులకుండ నుంచవలెను. కాని హషిమోటో వ్యాధివలన గ్రంథి చెడినవారు అధికముగ అయోడిను తినుటవలన బాగుపడరు, కీడుకూడ కలుగవచ్చును. క్యాబేజీ, కాలీఫ్లవరు, సజ్జలు మానవలెనా యని పలువు రడుగుచుందురు. చాలినంత అయోడిను తినువారు వీనిని వండుకొని మితముగ భుజించుటవలన భయము లేదు.

సభ్యులు పాటింపదగిన పద్ధతి

మాత్రను పరగడుపున మంచినీళ్లతో మ్రింగి, అరగంట మొదలు గంట వఱకు కాఫీయైనను త్రాగరాదు. ప్రొద్దుటివేళ పొలముపనులవలన కుదరనిచో, రాత్రి భోజనమైన మూడు నాలుగు గంటలకు, పరుండబోవు ముందు మ్రింగవచ్చును. ఏ వేళ యైనను ప్రతిదినము నదే వేళ కావలెను. ఇనుప, కాల్షియము మాత్రలకు నాలుగు గంటల యెడ ముండవలెను. మాత్రల సీసాను పొయ్యిగట్టుమీదను, ఎండ పడు కిటికీలోను ఉంచరాదు. తయారుచేయు కంపెనీని మాటిమాటికి మార్చరాదు. మార్చవలసివచ్చినచో 6 మొదలు 8 వారములకు పరీక్ష చేయించుకొనవలెను. పరీక్షదినమున రక్తమిచ్చిన తరువాతనే మాత్ర మ్రింగుట మంచిది. సాధ్యమైనంతవఱకు ఒకే పరీక్షశాలలో, ఒకే వేళకు రక్తమీయవలెను.

మఱియు ప్రతి రోగియు నొక చిన్న పుస్తకము పెట్టుకొనవలెను. అందు తేదీ, మోతాదు, మాత్ర తప్పిన దినములు, టి.ఎస్.హెచ్., టి4 సంఖ్యలు, బరువు, నాడి, ఆనాటి బాధలు వ్రాయవలెను. చదువు రానివారికి పిల్లలు వ్రాసిపెట్టవచ్చును. ఆరునెలల పద్దులు ముందుంచినచో వైద్యుడు పది నిమిషములలో గ్రహించు సంగతిని, పుస్తకము లేనిచో పది ప్రయాణములలోను గ్రహింపజాలడు.

ఒంటిమీద స్పృహ తగ్గుట, ఒడలు మంచువలె చల్లబడుట, ఊపిరి మందగించుట, ఛాతీనొప్పి, గుండె క్రమము తప్పుట, ఇవి కన్పట్టినచో పుస్తకముతోను, పరీక్షతోను కాలయాపన చేయక తక్షణమే ఆసుపత్రికి చేర్పవలెను.

ఒడలు అబద్ధమాడదు; పరీక్షయు అబద్ధమాడదు. రెండును తమకు తెలిసినంతవఱకే చెప్పును. రెండు మాటలను ప్రక్కప్రక్కన బెట్టి, తేడా యెచ్చటనున్నదో ఓపికతో వెదకుట రోగియు, వైద్యుడును కలసి చేయవలసిన పని. సహకారమన్న నదియే గదా! మన సభ్యులు తమ యిండ్లలో మాత్ర వాడుచున్నవారిని నేడే పిలిచి, "ఏ వేళ మ్రింగుచున్నారు, దేనితో మ్రింగుచున్నారు?" అని యొక్క ప్రశ్న యడుగుదురుగాక. అనేక గృహములలో తేడా యా ప్రశ్నతోనే బయటపడునని మేము నమ్ముచున్నాము.